ఎ3 నుంచి బి1కి

పెళ్ళికూతురి తండ్రి గుమ్మంలో పన్నీరు చల్లుతాడు. మా బావగారు మాత్రం నన్ను చూడగానే నా నోట్లోకి తొంగిచూసి, "ఎ3లో ఉన్నావోయ్ బామ్మర్దీ" అన్నారు.

"ఏ రైల్లో బావగారూ?" అన్నాను.

అది పంటి రంగట. దంతవైద్యుల దగ్గర 16 నమూనా పళ్ళ పట్టీ ఉంటుంది, గోడరంగుల కార్డులాగా. వెలుగు వరసలో పేరిస్తే బి1 అన్నిటికంటే ముందు. రైల్లో బి1 థర్డ్ ఏసీ, నోట్లో అదే ఫస్టు క్లాసు!

ఇలాంటి పెద్దమనిషి ఇప్పుడు ప్రతి బంధువర్గంలోనూ ఒకరు తయారవుతున్నారు. 52 ఏళ్ళకి అందరూ మోకాళ్ళు చూపించుకుంటారు, ఈయన ఎత్తుపళ్ళు చూపించుకుంటాడు. పెద్దమ్మాయి పెళ్ళి ఆల్బమ్ నిండా మా బావగారు మూతి బిగించుకునే ఉన్నారు. చిన్నమ్మాయి పెళ్ళికైనా నోరారా నవ్వాలని పంతం పట్టారు.

తీగ క్లిప్పులు కుర్రకారుకని, కంటికి కనపడని అలైనర్లు పెట్టించుకున్నారు. రోజుకి 22 గంటలు నోట్లో ఉండాలి. మిగిలిన 2 గంటల్లోనే టిఫిను, రెండుపూటల భోజనం, కాఫీ. ఆయన కాఫీ తాగుతుంటే అక్కయ్య గడియారం చూసేది. మొదటివారం 'స' పలకలేక సత్యనారాయణ వ్రతంలో సంకల్పం నన్ను చెప్పమన్నారు. "పన్ను ఊరికే జరగదోయ్! అది పోయేవైపు ఎముక కరుగుతుంది, వెనకాల కొత్తది కట్టుకుంటుంది." ఈ రహస్యం ఆయన నా చెవిలో వేసింది కన్యాదానం పీటల మీంచి లేచొచ్చి మరీ.

వరస కుదిరాక తెలుపు మొదలైంది. మందులో ఉండేది పెరాక్సైడే, కానీ చన్నీళ్ళు తాగితే నడినెత్తి దాకా జివ్వుమంటుంది. రెండ్రోజులు కాఫీ, పసుపు, ఆవకాయ బంద్. ఆవకాయ జాడీ ముందు నిలబడి తాలింపు లేని పెరుగన్నం తిన్న ఆ త్యాగాన్ని నేనెప్పుడూ తక్కువ చేయను. తీరా చూస్తే పళ్ళన్నీ తెల్లబడ్డాయి గానీ, ఎప్పుడో సైకిల్ మీంచి పడి క్యాపు తొడిగించుకున్న ముందుపన్ను పాత రంగులోనే ఉండిపోయింది. క్యాపుకి ఈ మందు పనిచేయదు. సున్నం వేసిన గోడకి పాత కిటికీలా ఉందని అక్కయ్య తీర్పు.

పళ్ళకి పాత ఊరి మీద మమకారమెక్కువ, వదిలేస్తే తిరుగు ప్రయాణం కడతాయి. అందుకని రిటైనర్ కాపలా ఉంచారు. బంతిలో కూర్చోగానే బావగారు దాన్ని తీసి, కాగితం రుమాల్లో చుట్టి, విస్తరి చివర పెట్టారు. దాని డబ్బా అక్కయ్య సంచిలో ఉంది, ఆ సంచి ఎక్కడుందో అక్కయ్యకీ తెలీదు. పులిహోర, బూరెలు, గుత్తివంకాయ, గడ్డపెరుగు. తృప్తిగా తిని, ఆకు మడిచి లేచారు. చెయ్యి కడుక్కుంటూ అద్దంలో నవ్వి చూసుకున్నారు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఫోటోగ్రాఫరు గ్రూపు ఫోటోకి కేకలేస్తుంటే, పెళ్ళికూతురి తండ్రి పట్టుపంచె ఎగ్గట్టి మండపం వెనక ఎంగిలాకుల కుప్పలో ఉన్నారు. చిన్నమ్మాయి పెళ్ళి ఆల్బమ్‌లో ఆయన నవ్వు లేదు. అసలు ఆయనే లేరు.

రిటైనర్ దొరకలేదు, కొత్తదానికి కొలతలిచ్చి వచ్చారు. ఏ పెళ్ళిలోనైనా మీకు ఆయన పక్క విస్తరి పడితే, ఆయన ఆకు మడవబోయేముందు ఆ కాగితం రుమాలు ఒక్కసారి విప్పించండి.