చందమామ అవతలి పక్క, కుందూ ఇవతలి పక్క

సంగీతాభిమాని సుఖం వినడంలో ఉండదు, పక్కవాడికి వినిపించడంలో ఉంటుంది. ఈ ముక్క ఏ అభిమానీ ఒప్పుకోడు. ఒంటరిగా, కళ్లు మూసుకుని, లోకం మరిచి వింటామని చెప్పుకుంటారు. నమ్మకండి. మూసిన రెండు కళ్లలో ఒకటి సగం తెరిచే ఉంటుంది, పక్కవాడి మొహంలో రంగులు మారుతున్నాయో లేదో చూడ్డానికి.

నాకున్న జబ్బు పింక్ ఫ్లాయిడ్ అనే లండన్ రాక్ బ్యాండు. అందులోనూ 1973 మార్చిలో వచ్చిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బం. పది పాటలు, నలభై మూడు నిమిషాలు. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే అయిపోతుంది. హైదరాబాదు హాస్టల్లో ఇది అంటుకోని గది లేదు కాబట్టి అక్కడ నన్నెవరూ రోగి కింద లెక్కగట్టలేదు. 1992 వేసవి సెలవులకు ఆ క్యాసెట్టు జేబులో వేసుకుని, ఆళ్లగడ్డలో బస్సు మారి, కుందూ ఏటి ఇవతల మా ఊరు ఉయ్యాలవాడలో దిగాక తెలిసింది, నాది ముదిరిన కేసని.

ఆ క్యాసెట్టు అట్ట తెలుసు కదా. నల్లటి నలుపు, మధ్యలో గాజు త్రికోణం, ఒక పక్క నుంచి తెల్లటి కిరణం దూరి రెండో పక్క నుంచి రంగులుగా బయటికొస్తుంది. ప్రపంచంలో అంత పేరున్న ఆల్బం అట్టలు చాలా తక్కువ. మా అత్త దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"ఏమప్పా, పెండ్లన్నా కాలేదే, అప్పుడే నీకెందుకిది?"

మా వైపు ఆసుపత్రి గోడల మీద, బస్సుల వెనకా ఆ కాలంలో ఉన్న త్రికోణం ఒక్కటే. కుటుంబ నియంత్రణది. అది ఎర్రగా ఉంటుంది, తలకిందులుగా ఉంటుంది, ఇది వేరు అత్తా అని గాజులోంచి వెలుతురు రంగులుగా విడిపోయే శాస్త్రం మొత్తం చెప్పాను. ఆమె ఓపిగ్గా వింది. "అదే చెప్తాండా. తలకిందులుగా ఉండాల్సింది వీళ్లు నిటారుగా ఏసినారు. అచ్చేసినోనికి తెలీదు పాపం" అని, క్యాసెట్టును పిల్లలకు అందకుండా అటక మీద పెట్టింది.

దించుకుని, రాత్రి అందరూ మిద్దె మీద పడుకున్నాక వేశాను. 'టైమ్' పాట మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారిగా మోగుతాయి. ఇంజనీరు అలాన్ పార్సన్స్ పాత గడియారాల అంగడికి పోయి రికార్డు చేసుకొచ్చిన గంటలవి. ఆ దెబ్బకు మా చిన్నాయన దిగ్గున లేచి, మోటరుకు కరెంటొచ్చే టయిమైందనుకుని, టార్చిలైటు పట్టుకుని చేను దాకా పోయొచ్చాడు. వచ్చాక నన్నేమీ అనలేదు. అనకపోవడమే భయపెట్టింది.

అసలు విమర్శకురాలు మా అవ్వ. 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై' అనే పాటలో మాటలుండవు. క్లేర్ టోరీ అనే గాయని గొంతెత్తి రాగం మీద రాగం తీస్తూ పోతుంది, అంతే. అవ్వ వక్క నమలడం ఆపేసింది. "ఎవురు పోయినార్రా?"

ఎవరూ పోలేదన్నాను. "మరి శోకాలు పెడతాండాదే ఆ యమ్మ?"

నాకు ఒళ్లు జలదరించింది. ఆ పాట నిజంగానే చావు గురించే. తొలిరోజుల్లో దానికి వాళ్లు పెట్టుకున్న పేరు కూడా చావు మీదే. పెద్దపెద్ద వ్యాసాలు చదివితే గానీ నాకు తెలియని సంగతి అవ్వకు ఒక్క వినికిడితో తెలిసిపోయింది. అయితే ఆమెకు ఒక అభ్యంతరం ఉండింది. "మాటల్లేకుండా ఏడుస్తే ఎట్లరా? పోయినాయప్ప పేరు చెప్పాల, ఏమేం చేసినాడో చెప్పాల, మనల్ని ఎట్ల ఇడిసిపెట్టి పోయినాడో చెప్పాల. ఉత్త ఏడుపు ఎంతసేపని ఇంటారు?" మా పక్క శోకానికి సాహిత్యం తప్పనిసరి మరి.

తర్వాత, ఆ యమ్మకు కూలి ఎంతిచ్చినారని అడిగింది. ముప్పై పౌండ్లు, అదీ ఆదివారం పని కాబట్టి రెట్టింపు లెక్కన. అవ్వ పెదవి విరిచింది. ఆ విరుపులో న్యాయముంది. 2004లో క్లేర్ టోరీ కోర్టుకెక్కితే, మరుసటేడు రాజీ కుదిరి, పాట కట్టినవాళ్లలో ఆమె పేరూ చేర్చారు. అప్పటికి అవ్వ లేదు, ఉండుంటే ఆ వార్త వినగానే "నేను చెప్పలా?" అనేది.

ఇక 'మనీ'. ఈ పాట కోసం బ్యాండులోని రోజర్ వాటర్స్, కుండలు చేసే తన భార్య మట్టి కలుపుకునే గిన్నెలో చిల్లర విసిరి ఆ గలగల పట్టుకున్నాడు. దానికి కాగితం చింపిన చప్పుడు, అంగట్లో గల్లా మిషను చప్పుడు కలిపి, టేపును స్కేలుతో కొలిచి, ముక్కలు కోసి, అంటించి తాళం చేశారు. ఆ తాళం నాలుగుది కాదు, ఏడుది. రాక్ సంగీతంలో అది పెద్ద సాహసమని పాశ్చాత్యులు ఇప్పటికీ రాస్తుంటారు.

ఆ సాహసాన్ని మా చెక్కభజన గురువుకు వినిపించాను. ఆయన గోడకానుకుని, కళ్లు చికిలించి, రెండు ఆవర్తాలు కూడా పూర్తి కాకుండానే తొడ మీద వేయడం మొదలుపెట్టాడు. తకిట, తకధిమి. తకిట, తకధిమి. "మిశ్రచాపు గదప్పా. ఇందుకేనా ఇంత హడావుడి?" పిల్లోణ్ని పంపి చెక్కలు తెప్పించాడు. లండన్ చిల్లర మీద ఉయ్యాలవాడ చెక్కలు గజ్జెలతో సహా పడుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఒప్పుకుంటాను, ఆ గజ్జెలు లేకుండా ఆ పాట నాకు ఇప్పటికీ బోసిగా ఉంటుంది.

నా ఆనందం గిటారు వచ్చేదాకానే. డేవిడ్ గిల్మర్ సోలో అందుకోగానే గురువు చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"నాలుక్కు దిగినాడే!"

నిజమే. సోలో కోసం ఏడు వదిలి నాలుగుకు మారారు. అది కావాలనే చేశారు గురువుగారూ, ఒక ప్రయోగం అన్నాను. "ప్రయోగమా? ఏడులో వాయించను చేతగాక దిగినాడు" అన్నాడాయన. కోపంతో రాత్రంతా నిద్రపట్టలేదు. తీరా చాలా ఏళ్ల తర్వాత చదివితే, నాలుగైతే గిల్మర్‌కు వాయించడానికి సులువని మార్చారట.

చివరి అస్త్రంగా లెక్కలు తీశాను. ఈ ఆల్బం అమెరికాలో బిల్‌బోర్డ్ జాబితాలో 1973 నుంచి 1988 దాకా ఏడువందలకు పైగా వారాలు ఉందని చిన్నాయనకు చెప్పాను. ఆయన శనగలు చెరుగుతున్న చాటను పక్కన పెట్టాడు.

"ఆ దుడ్ల పాట వాళ్లదేనా? అయితే మన దుడ్ల పాట ఇను" అని అందుకున్నాడు. మా ఊరి పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి ఈస్టిండియా కంపెనీవాళ్లు విదిల్చిన పింఛను 11 రూపాయల 10 అణాల 8 పైలు. తెమ్మని మనిషిని పంపితే కోవెలకుంట్లలో అవమానించి పంపారు. 1846 జులైలో ఆయన అక్కడి ఖజానా మీదే పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న అదే ఊళ్లో ఉరితీశారు. ఆ కథను అడుక్కునే పాటగాళ్లు పల్లె పల్లెకూ మోశారు. "పోయినారం గూడా ఒగడొచ్చి మనింటి ముందర పాడినాడు. నువ్వు సదువుకున్నోడివి, 1847 నుంచి ఎన్ని వారాలో ఎయ్యి."

వేశాను. ఏడువేల అయిదువందల పైచిలుకు.

చిన్నాయన ఇంకేమీ అనకుండా గొంతు సవరించుకుని నరసింహారెడ్డి పాట మొదలుపెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. ఒక కన్ను మాత్రం సగం తెరిచి నా మొహమే చూస్తున్నాడు. సన్నివేశం వచ్చినప్పుడల్లా "ఇక్కడ ఇను, ఇక్కడ ఇను" అని నా మోచెయ్యి తట్టాడు. హాస్టల్లో నేను ఎంతమంది మోచేతులు తట్టానో లెక్కలేదు. అవతలివైపు కూర్చుంటే ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. నొప్పిగా ఉంటుంది.

పాటయ్యాక ఆయన ఆ టేపు రికార్డరు ముందుకు జరుపుకుని, ఎర్ర మీట ఎక్కడని అడిగాడు. ఖాళీ క్యాసెట్టు ఒకటి తెమ్మన్నాడు. ఎందుకంటే, "ఆ లండన్ పిల్లోళ్ల అడ్రసు నీకాడ ఉండాది గదా? పంపుదాం. ఆ గిటారాయప్పకు మాత్రం ఒగ మాట రాయి. మధ్యలో నాలుక్కు దిగగూడదని."