రెండువందల ఒకటవ యూనిట్టు

మా కరీంనగరమునకు ఇంచుమించు అరువది కిలోమీటర్ల దవ్వున రామగుండమున నొక మహాయజ్ఞశాల గలదు. 1983లో అగ్నిని నెలకొల్పుకొన్నది మొదలు, సింగరేణి బొగ్గును ఆహుతిగా గైకొనుచు, గోదావరీజలములను ఆచమించుచు పెరిగి పెరిగి, 2,600 మెగావాట్ల సామర్థ్యమును సంపాదించి, నిండుగా నడచిన ప్రతి గంటకును 26 లక్షల యూనిట్ల విద్యుత్తును దక్షిణదేశమునకు పంచిపెట్టగల ఆ యజ్ఞశాలను గూర్చి, ప్రైవేటు బడిలో తెలుగు పండితుడనై యున్న దినములలో, పిల్లలకు గొంతెత్తి వర్ణించినవాడను. అట్టి యజ్ఞశాల పొరుగున కాపురముండియు, ఒకే యొక్క యూనిట్టు కొరకు మా ఇంట నెలనెలా సాగుచున్న సంగ్రామమును చూచినచో, అచటి ఇంజనీర్లు సిగ్గిలుదురో, నవ్వుకొందురో చెప్పజాలను.

ఈ సంగ్రామమునకు కారణము దారిద్ర్యము కాదు, ఔదార్యము. 2024 మార్చి నుండి అమలులోనికి వచ్చిన గృహజ్యోతి పథకము ననుసరించి, తెల్ల రేషను కార్డు గల మాబోంట్లు నెలకు 200 యూనిట్లలోపు వాడుకొన్నచో బిల్లు సున్న. ఒక్క యూనిట్టు అధికమైనచో ఆ యొక్కదానికే గాక మొత్తమునకు చెల్లింపవలెను. 200 దాటిన వారికి మొదటి యూనిట్టు నుండియు 5 రూపాయల 10 పైసలు, ఆపైదానికి 7 రూపాయల 70 పైసలు గనుక, రెండువందల ఒకటవ యూనిట్టు వెల వేయి రూపాయలు దాటునని మా ఇంటిది వేళ్ళమీద లెక్కించి చెప్పినది. బిల్లు కట్టిన కాలమున మేమెన్నడును ఇంత పొదుపరులము కాము. సొమ్మిచ్చి కొన్న వస్తువును పారబోయుటకు మనకొక హక్కున్నట్లు తోచును. ఊరక వచ్చిన దానిని మాత్రము ప్రాణపదముగా కాపాడుకొందుము.

అది మొదలు ఆమె ప్రతి ప్రాతఃకాలమునను మీటరు కడ నిలిచి, అందు మినుకుమినుకుమను ఎర్రచుక్కను వైద్యుడు నాడి చూచినట్లు చూచి, ఆనాటి శాసనములను ప్రకటించును. దేవునర్రలో దశాబ్దములుగా వెలిగిన 60 వాట్ల బల్బు మొదట పదవీచ్యుతమయ్యెను. అది పదునేడు గంటలలో మ్రింగు యూనిట్టును, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు నాలుగున్నర దినములు రేయింబవళ్ళు వెలిగినను పూర్తిగా మ్రింగదట. ఫ్రిజ్జులోని సీసాలు బయటికి వచ్చి రంజను లోనికి వచ్చినది. ఇస్త్రీపెట్టె అటకెక్కగా నా ధోవతులు పరుపు క్రింద శయనించి మడతలు దిద్దుకొనుచున్నవి. నేను పుస్తకము కొరకు ప్రక్క అర్రలోనికి పోయితినా, వెనుకనుండి ఆకాశవాణి వలె వినవచ్చును: “ఎవలూ లేని అర్రల పంకా ఎవలి కోసం తిరుగుతాంది?”

ఇదంతయు చలికాలపు శౌర్యము. మే మాసమున ఎండ నలుబదియైదు డిగ్రీలు దాటి, మిద్దెమీది ట్యాంకు నీరు స్నానమునకు గాక చాయకు పనికివచ్చునంత కాగిన వేళ, కూలరు లేక నిద్రించుట మునులకైనను అసాధ్యము. 150 వాట్ల కూలరు రాత్రి పది గంటలు తిరిగినచో ఒకటిన్నర యూనిట్టు, నెలకు నలుబదియైదు. మా పూర్వుల గూనపెంకుటిల్లు ఏ మీటరు నడుగకయే చల్లగా నుండెడిది. దానిని పడగొట్టి స్లాబు వేయించుకొన్న నాగరకులము గదా, అనుభవింపవలసినదే.

ఇట్టి గ్రీష్మమున, రీడింగు తీయు దినము సమీపించుచుండగా, ఆదిలాబాదు నుండి నా బావమరది సకుటుంబముగా వచ్చుచున్నానని ఫోను చేసెను. ఇంట మరియొక కూలరు, రెండు పంకాలు, పిల్లలకు అహోరాత్రములు టీవీ! ఆమె మోమున సోదరవాత్సల్యమును, మీటరు భయమును ఒక్క క్షణము పెనగులాడినవి. తుదకు ఎంతయో మార్దవముగా ననెను: “తమ్మీ, మీరు అత్తె నాకు సంబురం గాదా? గని రీడింగ్ తీసెటాయన ఎల్లుండి అస్తడు. ఆయన అచ్చిపోయినంక రారాదు?”

అవతల కొంతసేపు నిశ్శబ్దము. పిమ్మట ఆతడు, “అక్కా, గదే నా బాధ. మా తాన నూటా తొంభై ఆరు దాటింది. మా రీడింగాయన గూడ ఎల్లుండే అస్తడు” అనెను.