రెండో ఫొటో

కొలంబస్‌లో ఉన్న మా అన్నయ్య కొడుకు తుపాకి కొనాలనుకున్నప్పుడు సలహా అడిగింది వాళ్ల నాన్ననే. అన్నయ్య ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరుగా రిటైరయ్యాడు. సర్వీసులో చాలా భాగం నల్లమలలోనే గడిచింది. అక్కడ ఆయన పట్టుకున్న భర్మార్ తుపాకులకు లెక్క లేదు. మూతి నుంచి మందు పోసి, గుడ్డపీలిక దట్టించి, రవ్వలు దింపి, ఊచతో కూరి పేల్చే నాటు తుపాకులవి. గొట్టం చేత్తో పట్టుకుని చూస్తే చాలు, అది ఎన్ని అడుగుల దూరం పనిచేస్తుందో చెప్పేసేవాడు.

మావాడు కొనబోయేదీ మూతి నుంచి కూరేదే. ఒహాయోలో జనవరి మొదట్లో కొద్దిరోజులు జింకల వేటకు తుపాకుల్లో ఇలాంటివాటినే అనుమతిస్తారు. ఒక గుండు పేలాక రెండోది కూరుకునేలోపు జింక పొలిమేర దాటిపోతుంది కాబట్టి, వేటగాడు ఆ ఒక్క గుండునూ ఆచితూచి వాడాలి. మావాడికి అమెరికా పౌరసత్వం వచ్చింది, వేట శిక్షణ పరీక్ష పాసయ్యాడు, లైసెన్సు తీసుకున్నాడు. ఇక మిగిలింది తుపాకి.

బాగ్ లింగంపల్లిలో పొద్దున ఏడంటే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. సుందరయ్య పార్కులో నడక ముగించుకుని నేనూ అన్నయ్యా ఇంటికి వచ్చేసరికి వీడియో కాల్ వచ్చేది.

"నాన్నా, మూడొందల గజాలు కొట్టేది తీసుకుందామనుకుంటున్నా. సీవీఏ పారామౌంట్ అని ఒకటుంది, దూరం కోసమే చేశారు."

"కొబ్బరికాయంత గుర్తు పెడితే ఎంత దూరం నుంచి కొట్టగలవు?"

"వంద గజాలైతే కొడతా."

"పదిసార్లు కాలిస్తే?"

వాడు కాస్త ఆలోచించాడు. "తొమ్మిది తగుల్తయి."

"అయితే నీ తుపాకి వంద గజాలదే. దాని మీద కంపెనీవాడు ఏం రాస్తే నీకేం?"

నేను వేటాడినవాణ్ణి కాదు. కానీ మొదటి తుపాకి కొనేవాడికి ఇంతకంటే మంచి మాట ఎవరైనా చెప్పగలరని నేననుకోను. నల్లమందు తుపాకి గుండు బరువుగా, నిదానంగా పోతుంది. వంద గజాలకు గురి సరిచేసుకుంటే రెండొందల దగ్గర దాదాపు అడుగు కిందికి దిగుతుంది. మూడొందల దగ్గర మూడడుగులకు తక్కువ కాదు. ఓ మోస్తరు అడ్డగాలి వీస్తే రెండొందల గజాలకే జానెడు పక్కకు పోతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మొత్తం కలిపి జానెడే. జానెడు తప్పితే కడుపుకో కాలికో తగులుతుంది. అలా తగిలిన జింక అక్కడ పడదు, పొదల్లోకి పోయి రోజంతా కొట్టుకుని చస్తుంది. భర్మార్ దెబ్బ తగిలి పారిపోయిన దుప్పుల్ని అడవిలో అన్నయ్య చాలాసార్లు చూశాడు. వాటి సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆయన గొంతు మారిపోతుంది.

అందుకే కొడుకుతో అన్ని రోజులు మాట్లాడాడు. ఇప్పటి మూతికూరుడు తుపాకులు 1985లో మిస్సోరీలో టోనీ నైట్ అనే తుపాకుల పనివాడు చేసిన ఎంకే-85 నుంచి ఊపందుకున్నాయని మావాడు చెప్తే, అన్నయ్య దాని బొమ్మ తెప్పించుకుని చూశాడు. మందుకు నిప్పంటించేది వెనక నుంచి నేరుగా ఉంటుంది, కాబట్టి తడి వాతావరణంలోనూ తుస్సుమనడం తక్కువ. గొట్టం లోపల మెలిక గాట్లుంటాయి. నున్నటి భర్మార్ గొట్టానికీ దీనికీ అసలు తేడా అక్కడే ఉంది. 28 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాట్లయితే ఇప్పటి పొడవాటి గుండ్లు నిలకడగా పోతాయని లెక్క తేల్చుకున్నారు. అర అంగుళం బోరుది చాలనుకున్నారు. ఆ తర్వాత అన్నయ్య అడిగిన ప్రశ్న మావాడు ఊహించనిది.

"రాత్రి ఇంటికొచ్చి కడగడానికి ఎంతసేపు పడుతుంది?"

నల్లమందు మసి గాల్లో తేమను పీల్చుకుంటుంది. ఆ రాత్రే కడగకపోతే గొట్టం తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన గొట్టంలోంచి గుండు సరిగా పోదు. చలిలో అలిసిపోయి వచ్చినవాడు పానాలు వెతుక్కోవాల్సి వస్తే రేపు చూద్దాంలే అనుకుంటాడు. అందుకని మధ్యకు విరిచే రకం, వెనక బిరడా చేత్తోనే మర తిప్పి తీయగలిగేది కొనిపించాడు. పారామౌంట్ పక్కకు పోయింది. మిగిలిన డబ్బుతో మందూ గుండ్లూ కొనుక్కుని శీతాకాలం వచ్చేలోగా కాల్చి కాల్చి చేయి కుదుర్చుకొమ్మన్నాడు.

ఇదే అన్నయ్య సాయంత్రాలు ఏం చేస్తాడో కూడా చెప్పాలి. అశోక్‌నగర్‌లో గదులు తీసుకుని సర్కారు కొలువులకు చదువుకునే పిల్లలు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర ఆయన్ను చుట్టుముడతారు. ఫారెస్ట్ బీట్ ఆఫీసరు పరీక్ష రాసేవాళ్లకు 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉచితంగా చెప్తాడు. 1991 సవరణతో వేట దేశమంతటా ఎలా ఆగిపోయిందో, పంటను కాపాడుకోవడానికి మూతికూరుడు తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చని 1959 ఆయుధాల చట్టంలో ఉన్నా దాంతో జింకను కొడితే జైలు ఎందుకు తప్పదో, తెలంగాణ వచ్చాక జింకే మన రాష్ట్ర జంతువు ఎలా అయిందో విడమరచి చెప్తాడు. నిజాం వేటాడిన మైదానమే ఇవాళ వనస్థలిపురంలో హరిణ వనస్థలి అయిందంటే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

ఈ రెండూ ఎలా పొసగుతాయని ఒకసారి అడిగాను. ఆయన తడుముకోలేదు. "అక్కడ తోడేళ్లను ఎప్పుడో చంపేసిన్రు. జింకలు పెరిగిపోయి రోడ్ల మీద కార్లకు గుద్దుకుంటున్నయి. తుపాకుల మీద, గుండ్ల మీద వేసే పన్ను 1937 నాటి చట్టం ప్రకారం అడవి జంతువుల కోసం ఖర్చు పెడుతున్నరు. ఇక్కడ ఉన్న జింకలు పులులకే చాలవు. అక్కడ చట్టం కొట్టమంటది, ఇక్కడ వద్దంటది. రెండూ అడవి కోసమే." ఆ మాట నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను.

వాళ్ల హాల్లో సోఫా పైన గోడకు ఒకే ఒక్క ఫొటో ఉండేది. ఏదో దినపత్రిక జిల్లా పేజీలో పడిన దాన్ని పెద్దది చేయించి ఫ్రేము కట్టించారు. వెనక వరసలో ఖాకీ బట్టల్లో అన్నయ్య, ఆయన సిబ్బంది నిలబడి ఉంటారు. ముందు చచ్చిన దుప్పి ఉంటుంది. దాని కొమ్ములకు ఆనించి భర్మార్ పెట్టారు. దుప్పి వెనకాల, భుజమ్మీద తువ్వాలుతో, గొంతుక్కూర్చుని నేరుగా కెమెరా వంక చూస్తున్న బక్కపలచటి మనిషి ఒకడు. అన్నయ్య సర్వీసులో ఆయనకు పేరు తెచ్చిన కేసుల్లో అదొకటి.

జనవరిలో మావాడి ఫొటో వచ్చింది. నారింజరంగు జాకెట్ వేసుకుని, తెల్లతోక జింక వెనక మంచులో మోకాళ్ల మీద కూర్చున్నాడు. తుపాకి దాని కొమ్ములకు ఆనించి ఉంది. అన్నయ్య ఫోను నా చేతికిచ్చి, "డెబ్బై గజాలు. ఒక్కటే దెబ్బ. నిల్చున్న చోటనే పడ్డది, తన్నుకోలేదు" అన్నాడు. జింకకు కట్టిన పర్మిట్ చీటీని వేళ్లతో పెద్దది చేసి మరీ చూపించాడు. ఆ మధ్యాహ్నమే నారాయణగూడ వెళ్లి పెద్ద సైజులో ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించుకుని వచ్చాడు. పాత ఫొటో పక్కన, అదే ఎత్తులో పెట్టాలన్నాడు. మేకు కొట్టడానికి వదిన కింది నుంచి వాచ్‌మన్‌ను పిలిచింది.

ముప్ఫై దాటని కుర్రాడు, అచ్చంపేట అవతల అడవి అంచున వాళ్ల ఊరు. తెలిసినవాళ్ల ద్వారా అన్నయ్యే తీసుకొచ్చి మా అపార్ట్‌మెంట్‌లో పెట్టించాడు. పండుగలకు మావాడు పంపిన చొక్కాలు వాడికే ఇస్తారు. ఫోన్‌లో మావాడు కనబడితే "బాగున్నవా చిన్నసారూ" అని పలకరిస్తాడు.

స్టూలెక్కి నాలుగు దెబ్బల్లో మేకు దింపాడు. ఫ్రేము తగిలించి, తువ్వాలుతో అద్దం తుడిచి, కిందికి దిగాడు. వంకర లేకుండా ఉందో లేదో చూడ్డానికి రెండడుగులు వెనక్కి జరిగాడు. పాత ఫొటో చూశాడు, కొత్త ఫొటో చూశాడు, మళ్లీ పాతది చూశాడు. సుత్తి స్టూలు మీద పెట్టేసి, వంటింట్లో ఉన్న వదినకు వినబడకుండా గొంతు తగ్గించి అన్నయ్యను అడిగాడు.

"మా కాకకు మూడేండ్లు పడ్డది సార్. చిన్నసారుకు ఎన్నేండ్లు ఏసిన్రు?"