ముందు మేకను అరెస్టు చేయండి

హుజూరాబాద్ పోలీసులంటే నాకు మొదటినుంచీ గౌరవం. 2019 సెప్టెంబరులో వాళ్లు రెండు మేకలను స్టేషనుకు పట్టుకెళ్లారు. హరితహారంలో భాగంగా ఒక స్వచ్ఛంద సంస్థ నాటిన 900 మొక్కల్లో 250 దాకా మేకలే తినేశాయని ఫిర్యాదు. చివరికి యజమాని వెయ్యి రూపాయల జరిమానా కట్టి వాటిని విడిపించుకున్నాడు. మొక్కకు నాలుగు రూపాయలు పడిందన్నమాట. ఈ రోజుల్లో నాలుగు రూపాయలకు కొత్తిమీర కట్ట కూడా రాదు.

ఉత్తరాది వాళ్లు ఇంకా కచ్చితమైన మనుషులు. 2016లో ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా జిల్లాలో మేజిస్ట్రేటు గారి తోటలో పడిన మేకను, దాంతోపాటు యజమానినీ అరెస్టు చేశారు. 2017లో ఉత్తరప్రదేశ్‌లోని ఉరయి జైలు దగ్గర ఖరీదైన మొక్కలు తిన్న నేరానికి ఎనిమిది గాడిదలు నాలుగు రోజులు లోపలున్నాయి. దేశంలో శాంతిభద్రతలు ఇంత పకడ్బందీగా ఉంటే మన పడమటి కర్నూలు మాత్రం ఇంకా అరాచకంలోనే ఉంది. చిప్పగిరి, ఆలూరు, ఆస్పరి, హొళగుంద మండలాల్లో మేకలు పట్టపగలే గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. ఒక్క దానికైనా సంకెళ్లు పడినట్టు నేను వినలేదు.

చట్టం లేదంటారా? 1871లోనే తెల్లదొరలు పశువుల చొరబాటుకు చట్టం చేసిపెట్టారు. చేన్లో పడి నష్టం చేసిన పశువును రైతే పట్టుకోవచ్చు, 24 గంటల్లోగా బందెలదొడ్డికి తోలాలి. అందులో రాసిన జరిమానాల పట్టిక చదివితే ప్రాణం లేచొస్తుంది. మొట్టమొదటి ముద్దాయి ఏనుగు, దానికి రెండు రూపాయలు. ఒంటెకూ ఎనుముకూ ఎనిమిదణాలు. గుర్రానికీ ఎద్దుకూ ఆవుకూ నాలుగణాలు. అట్టడుగున గొర్రె, మేక: ఒక్క అణా. చిప్పగిరి చేలల్లో ఏనుగులు పడ్డట్టు ముసలోళ్లు కూడా చెప్పరు. మామిడి మొక్కను మొదలంటా నమిలేది మాత్రం ఈ అణా బాపతే. పోనీ ఆ అణా అయినా వసూలు చేద్దామంటే, చాలా ఊళ్లలో బందెలదొడ్డి పెద్దల నోట మాటగా మిగిలింది గానీ దొడ్డి మిగల్లేదు.

2006లో పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పుణ్యమా అని మెట్ట చేలల్లోకి పండ్ల మొక్కలు వచ్చాయి. మామిడి, చీనీ, జామ, సపోటా. గుంతలు తీయడం ఒక పండగ, నాటడం ఇంకో పండగ. నాటేవాడు ఒక్కడు, పట్టుకునేవాళ్లు పదిమంది, ఫొటోలో పడాలి కదా. ఆ తర్వాత మొక్క సంగతి మొక్కే చూసుకోవాలి.

అసలు తంటా అంతా క్యాలెండరులో ఉంది. మా వైపు చేనంటే తొలకరి నుంచి పంట ఇల్లు చేరేదాకానే చేను. పత్తి, కంది, వేరుశనగ పైరు మీదున్నంతకాలం మేక గట్టెక్కితే తిట్లు, రాళ్లు. కంది కొట్టి కట్టె ఇంటికి తోలుకున్నాక చేన్లకు తలుపులు తీసినట్టే. మళ్లీ వాన పడేదాకా ఎవరి చేనైనా సరే, ఊరి పశువులన్నిటిదీ. ఎవరూ ఎక్కడా రాసుకోని ఒప్పందం, తాతలనాటిది. కందికి ఆ ఒప్పందం సరిపోయింది, సమయానికి ఇంటికొచ్చేస్తుంది. మామిడి మొక్క ఇంటికి రాదు. మాఘం వెళ్లిందంటే కనుచూపు మేర నల్లరేగడి నోళ్లు తెరుచుకుని ఉంటుంది, మధ్యలో పచ్చగా ఆ మొక్క ఒక్కటే. నెలల తరబడి ఎండుటాకులు ఏరుకుతిన్న మేక దాన్ని చూసి, ఇది ప్రభుత్వం తనకు మంజూరు చేసిన పథకమే అనుకుంటే తప్పు పట్టగలమా?

మరి కావలి మనిషేడీ అంటే, సుగ్గికి పోయాడు. ఆలూరు, ఆదోని, కోసిగి పక్క పల్లెల నుంచి ఏటా ఇంటిల్లిపాదీ గుంటూరు మిరపకాయలు కోయడానికి పోతారు. ఇంటికి తాళం, తాళానికి ముసలమ్మ. ఆమె ఇల్లు చూడాలా, బడికి పోయే మనవణ్ణి చూడాలా, రెండు మైళ్ల అవతల చేన్లో నలభై మొక్కలు చూడాలా? మొక్కకు ఆపద వచ్చే నెలలూ, ఊళ్లో మనుషులు లేని నెలలూ ఒకటే. పథకం రాసిన పెద్దలకు ఈ లెక్క తోచలేదు. మేకకు తోచింది.

ఇంకో సొగసు చెప్తాను. మేక మొక్కను ప్రతిసారీ చంపదు, అంత దుర్మార్గురాలు కాదు. పైన లేత చిగురు కొరుక్కుని, పక్క మొక్క దగ్గరికి పోతుంది. అంటు మామిడిలో పైభాగం మేలు రకం, కిందిది నాటు మొదలు. ఒకసారి దగ్గరికి పోయి చూడండి: వేలెడంత కాండం, నర్సరీ వాళ్లు చుట్టిన ప్లాస్టిక్ పట్టీ, ఆ పట్టీ పైన మొండి. అంటు పోయింది. పట్టీ కింద కణుపు నుంచి ఎర్రటి లేత కొమ్మ ఒకటి తన్నుకొస్తుంటుంది. రైతు సంబరపడి కడవలతో నీళ్లు మోసి పోస్తాడు. ఏళ్లు గడిచి కాయ చేతికొచ్చాక తెలుస్తుంది, 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న బంగినపల్లి అనుకుని తాను పెంచింది పచ్చడికి తప్ప పనికిరాని పుల్ల మామిడి అని. ఉద్యాన శాఖ ఇచ్చిన రకాన్ని ఒక్క కొరుకుతో మార్చేసిన ఘనత మేకది. పేటెంటు ఒక్కటే తక్కువ.

సర్కారు కంచె కథ వేరు. రోడ్డు పక్క మొక్కకు ఇనుప ట్రీగార్డు పెడతారు. దానికి పచ్చరంగు, దాత పేరు, నాయకుడి నవ్వు. కొన్నాళ్లకు లోపల మొక్క పోయి ట్రీగార్డు మిగులుతుంది. ఇంకొన్నాళ్లకు అదీ లేచిపోయి ఎవరి కోళ్లగూటికో తలుపవుతుంది. కంచె చేను మేసిందని ఎవరైనా అంటారు, మా దగ్గర కంచెనే ఎవరో మేస్తున్నారు. సొంత చేనుకు రైతు కట్టుకునేది పాత చీరల కంచె. ఎమ్మిగనూరు మగ్గం చీరలు కావులెండి, సంతలో కొన్న సిల్కువి. గాలికి రెపరెపలాడితే మేక మొదటి రోజు బెదురుతుంది, రెండో రోజు ఆగి చూస్తుంది, మూడో రోజు కిందినుంచి దూరుతుంది.

సాంకేతికత ఉందిగా అంటారు. ఉంది. తోట పనికి జియోట్యాగింగు ఫొటోలు ఉంటాయి, అక్షాంశ రేఖాంశాలతో సహా. ఆవు చెవికి 12 అంకెల పసుపు ట్యాగు ఉంటుంది. రెండు లెక్కలూ సర్కారు కంప్యూటర్లలోనే ఉన్నాయి కనుక చెవి ట్యాగు మొక్క దగ్గరికి రాగానే తహశీల్దారు గారి సెల్లు మోగే ఏర్పాటు చేయాలని నా సూచన. ఆయన మీటింగులో ఉంటారు, అది వేరే సంగతి.

కాపరులను తిట్టేముందు వాళ్ల మాట కూడా వినాలి. "ఎండాకాలం చేన్లో మంద ఆపమని మీరే పిలుస్తిరి, గింజలిస్తిరి, దుడ్డిస్తిరి. అదే మందను ఈపొద్దు జూసి రాళ్లెత్తుకుంటిరి. నా గొర్రె యాడ మారింది సామీ?" అంటే నా దగ్గర జవాబు లేదు. రాత్రంతా మంద పడుకున్న చేనుకు ఎరువుల అంగడి బాకీ తగ్గుతుంది. పెంటికలు కావాలి, ఆ పెంటికలేసే నోరు వద్దు. ఇలాంటి మేకను ఏ పశువైద్య కళాశాలా ఇంకా తయారుచేయలేదు.

పెద్దలకు దారి తెలియక కాదు. సర్కారు తుమ్మ మనకు కరువా? మొదళ్లు లోపలికి, ముళ్లు బయటికి పెట్టి చుట్టూ కంప వేస్తే చెద తినేదాకా కాస్తుంది. గట్ల మీద కిత్తనార, గచ్చ, వాక్కాయ పెంచితే అదే కంచె, వాక్కాయ పప్పులోకీ వస్తుంది. గట్టు వరసలో సీతాఫలం పెట్టినవాడు తెలివైనవాడు, దాని ఆకు వాసనకు మేక మూతి తిప్పుకుంటుంది. పేడనీళ్లు ఆకుల మీద చల్లినా అంతే. వాన పడితే కడుక్కుపోతుంది, మళ్లీ చల్లాలి. వాన సంగతిలో చిప్పగిరికి ఆ దిగులు తక్కువ. కొత్త చిగురు వేసినప్పుడల్లా చల్లాలి, అదొక్కటే గుర్తు. వీటిలో దేనికీ రిబ్బను కత్తిరించే పని లేదు కాబట్టి పెద్దగా ప్రచారం లేదు.

గుంత పొడవు, వెడల్పు, లోతు టేపు పెట్టి కొలిచే అధికారులకు ఒక మనవి. ఈసారి ఎస్టిమేటులో ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా కావలి కూలి విడిగా రాయండి. ఆ కూలి సుగ్గికి పోకుండా ఊళ్లో ఆగే మనిషికివ్వండి. లేదంటే మందలున్న కాపరికే ఇచ్చి, మొక్కలు లెక్కపెట్టి అప్పగించండి. మేక ఏ పూట ఎటు మళ్లుతుందో అతనికి తెలిసినంత ఉపగ్రహానికి తెలియదు. ఇదేమీ జన్మంతా ఇవ్వాల్సిన పింఛను కాదు. మూడు నాలుగేళ్లు గడిస్తే మామిడి మొన మేక నోటికి అందదు.