పాత మోటారుకు ఫుట్‌వాల్వు: సులువు చిట్కాలు

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లొదిలారు. ఆ తర్వాత ఈ ఆయకట్టులో బిగించిన మోటార్లు కొన్ని తాతల ఆస్తిగా ఇంకా తిరుగుతున్నాయి. వాటి నీళ్లు గుంజే పైపు అడుగున పోత ఇనుప ఫుట్‌వాల్వు ఉంటుంది. లోపలి రబ్బరు బిళ్ల అరిగితే పైపులో నీళ్లు నిలవవు, మోటారు గాలి గుంజుతుంది. గాబరా పడొద్దు. నడుం వంచకుండా సీజను దాటే దారి ఇదిగో.

1. కొలతలు తీసుకోకండి. పాతదాన్ని నీళ్లలోంచి పైకి లాగే పని అసలే వద్దు. దుకాణంలో "మా నాయన కాలం మోటారుది, ఇంతుంటది" అని చేత్తో చూపండి. రెండున్నర అంగుళాలా, మూడా, మరలదా, ఫ్లాంజిదా అని అడిగితే "నువ్వే చెప్పాలె అన్నా" అనండి. సైజు తప్పుతుంది. తప్పితేనే మంచిది: ఇవాళ సూర్యాపేట, రేపు కోదాడ, ఎల్లుండి మిర్యాలగూడ. సూర్యాపేట నుంచి కోదాడకు హైవే మీద సుమారు 45 కిలోమీటర్లు, ఒక పూట హాయిగా గడిచిపోతుంది. నాట్ల రోజున ఎవరైనా పిలిస్తే "వాల్వు కోసం తిరుగుతున్న" అనండి. ఈ మాటకు ఎదురుండదు.

2. పాత ఇనుప కొట్టులో తూకానికి కొనండి. నిటారుగా పట్టుకుని పైనుంచి నీళ్లు పోస్తే కారేదీ కారనిదీ తెలిసిపోతుంది. అందుకే పోయకండి, తెలిస్తే కొనబుద్ధి కాదు.

3. జాలి ఊడదీయండి. నాచు పట్టదు, కడిగే పనీ ఉండదు. నత్తలు, గులకరాళ్లు నేరుగా ఇంపెల్లర్‌లోకి పోతాయి, అవి మీ కంటపడవు.

4. అసలు మందు పేడనీళ్లు. మోటారు వేసే ముందు రెండు బిందెలు పైపులో పోయండి. పేడ సందుల్లో కూరుకుని నీళ్లను కాసేపు ఆపుతుంది. ఒక్కరోజుతో ఊరుకోకుండా రోజూ పోయండి. వడకట్టొద్దు. గడ్డిపోచ అడ్డం పడి బిళ్ల మూసుకోకపోతే ఇంకో బిందె పోయండి. మోసే పని పిల్లలకు అప్పగించి మీరు గట్టున చెట్టు నీడ చూసుకోండి. జాయింట్లలో గాలి దూరితే సైకిల్ ట్యూబు చుట్టండి, దాని మీద ఇంకోటి చుట్టండి.

5. ఆటో స్టార్టర్ తీయకండి. తెలంగాణలో 2018 జనవరి 1న సాగుకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు వాటిని తీసేయమని ప్రభుత్వం చెప్పింది. మీరు ఉంచుకోండి. రాత్రి కరెంటు పోయి వస్తే మోటారు దానంతటదే అందుకుంటుంది. అప్పటికి పైపు ఖాళీ. పంపు పొడిగా తిరిగి, గ్లాండ్ తాడు మాడి, తెల్లారేసరికి వైండింగ్ కాలుతుంది. మీ నిద్ర మాత్రం చెడదు.

6. కాలిన వాసనకు "లో వోల్టేజీ" అనండి. నెర్రెలకు "కాలువ బంద్ పెట్టిండ్రు" అనండి. పక్క పొలం అతనితో "తమ్మీ, ఒక్క తడి ఇయ్యి, వాల్వు కోదాడల చెప్పొచ్చిన" అనండి. వారానికోసారి ఇదే మాట చాలు.

7. వరి పొట్ట దశలో ఎండితే గొర్లకు వదలండి. కోత మిషను కిరాయి మిగిలింది. మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టరుతో వరుసలో నిలబడే బాధ తప్పింది. కాలిన మోటారును వాల్వు కొన్న కొట్టుకే వేయండి. వచ్చే ఏడు పొలం కౌలుకిచ్చి, మోటారు, ఫుట్‌వాల్వు ఖర్చు కౌలుదారుదేనని కాగితం మీద ముందే రాయించుకోండి.