జీవో లేకుండా తలుపు వేయడం ఎలా?

వైకల్యం ఉన్న విద్యార్థిని చదువుకు దూరంగా ఉంచాలంటే పూర్వం ఒక కాగితం కావలసివచ్చేది. బోర్డు నిబంధన రాసేది, ప్రిన్సిపాల్ దాన్ని చూపించి "రూల్స్ ఒప్పుకోవు బాబూ" అనేవారు. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. కాగితం ఉంటే కోర్టుకు పోవచ్చు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు చూపు లేదన్న కారణంతో ఇంటర్‌లో సైన్స్ ఇచ్చేది లేదన్నారు. ఆయన కోర్టుకెక్కి గెలిచి, సైన్స్ చదివి, అమెరికాలోని ఎంఐటీకి వెళ్లి, తిరిగొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. 2024లో ఆయన కథ మీద హిందీ సినిమా కూడా వచ్చింది. రాతపూర్వకంగా వద్దంటే ఇన్ని తలనొప్పులు.

ఇప్పుడంత అవస్థ అక్కర్లేదు. అడ్మిషన్, ఫీజు, పరీక్ష దరఖాస్తు, హాల్ టికెట్, మార్కుల మెమో అన్నీ పోర్టల్లోకి చేరాయి. పోర్టల్ ఎవరినీ వద్దనదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టదు. లోపలికి రాలేనివాళ్లు తమకే చేతకాలేదనుకుని వెళ్లిపోతారు. కొత్తగా పోర్టల్ కట్టించే రిజిస్ట్రార్లకు పనికొచ్చే పద్ధతులు కొన్ని ఉన్నాయి. పాతవారు వీటిని ఎవరూ చెప్పకుండానే పాటిస్తున్నారు.

ముందు దరఖాస్తు ఫారం సంగతి. చూపులేని విద్యార్థి మౌస్ ముట్టుకోడు. ట్యాబ్ కీ నొక్కుతూ ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్తుంటే స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఖరీదెక్కువన్న సాకు కొన్నాళ్లు బాగానే నడిచింది. 2006లో మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియా యువకుడు, ఆయనకూ చూపు లేదు, ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ తయారుచేయడం మొదలుపెట్టి అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. పైగా అది తెలుగు కూడా చదువుతుంది. కాబట్టి ఇక అడ్డేదైనా పోర్టల్లోనే పెట్టుకోవాలి.

అదేమంత కష్టం కాదు. గడి పక్కన "తండ్రి పేరు" అని కంటికి కనబడాలి గానీ, ఆ మాటకూ గడికీ కోడ్‌లో ముడి వేయకూడదు. అప్పుడు విద్యార్థి చెవిన పడేది ఇదీ: "ఎడిట్, బ్లాంక్." ట్యాబ్. "ఎడిట్, బ్లాంక్." ట్యాబ్. "కాంబో బాక్స్." ట్యాబ్. "బటన్." ఆ బటన్ ఫీజు కట్టేదో, అప్పటిదాకా నింపిందంతా తుడిచేసేదో నొక్కాకే తెలుస్తుంది. కొందరు డెవలపర్లు ఇంకా ముందుకెళ్లి, బటన్ బదులు రంగు పూసిన పెట్టె ఒకటి పెడతారు. ట్యాబ్ దాని మీద ఆగనే ఆగదు. ఫారం మొత్తం నింపినా "సబ్మిట్" మాత్రం ఎంత వెతికినా దొరకదు. ముడి వేయడానికి ఒక్క వరుస కోడ్ చాలు కాబట్టి, ఈ సంగతి డెవలపర్ చెవిన పడకుండా చూసుకోవాలి.

ఫారంలో తప్పు దొర్లితే, ఏ గడిలో ఏం తప్పో మాటల్లో చెప్పకూడదు. గడి అంచు ఎర్రబడితే చాలు. రంగులు గుర్తుపట్టలేనివారికీ చూపు లేనివారికీ ఒకే దెబ్బ.

క్యాప్చా మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి. మెలికలు తిరిగిన అక్షరాల మీద గీతలు గీసి, అవి చదివితేనే మనిషివని నమ్ముతాననే ఏర్పాటు అది. ఆడియో క్యాప్చా పెట్టకపోవడం మేలు. తప్పదంటే, వెనక హోరుకు చెవులు బాగున్నవాళ్లకూ అర్థం కాకుండా చూడాలి. లాగిన్‌కు ఇలాంటి పరీక్షే ఏకైక దారి కాకూడదని 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 అనే వెబ్ అందుబాటు ప్రమాణం అంటుంది. దాన్ని చదివే తీరిక ఎవరికుంది?

క్యాప్చా సత్తా యూనివర్సిటీలో తెలియదు, ఊళ్లో నెట్ సెంటర్‌కు వెళ్లి చూడాలి. పరీక్ష దరఖాస్తు సొంతంగా నింపలేకపోయిన అమ్మాయి తమ్ముణ్ణి తోడు తీసుకుని అక్కడికి వస్తుంది. యూజర్ ఐడీ చెబుతుంది. పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం పైకి చెబుతుంది, వెనక నిలబడ్డ నలుగురూ వింటారు. సెంటర్ కుర్రాడు "మళ్లీ వచ్చినప్పుడు పనికొస్తుందిలే అక్కా" అంటూ పొడుగు నోట్‌బుక్కులో రాసుకుంటాడు. ఫోనుకొచ్చిన ఓటీపీ చెబుతుంది. సదరం సర్టిఫికెట్ వాట్సాప్‌లో పంపిస్తుంది, వంద కేబీకి తగ్గించి ఎక్కించడానికి. ఫీజు కోసం ఏటీఎం కార్డు కూడా చేతికిస్తుంది. రోబోలు రాకుండా కట్టిన గోడ పుణ్యమా అని ఒక అమ్మాయి వివరాలన్నీ దుకాణం బల్ల మీదికి చేరాయి. ఇదంతా భద్రత పద్దులో రాసుకోవచ్చు. ఇక రోబోలంటారా, మెలికల అక్షరాల్లో అతి కష్టమైనవాటిని కూడా తమ ప్రోగ్రాం 99.8 శాతం సరిగ్గా చదివేస్తోందని గూగుల్ 2014లోనే ప్రకటించింది.

నోటీసుల దగ్గరికొస్తే, తెలుగు నేల మీది విశ్వవిద్యాలయాలకు చేతికందిన వరం అను ఫాంట్లు. అనులో కొట్టిన తెలుగు కంటికి చక్కగానే ఉంటుంది. కంప్యూటర్ లెక్కలో మాత్రం అది తెలుగు కాదు, పొంతన లేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటున్నా, డీటీపీ ఆపరేటర్ అలవాటు అలాగే ఉంది. ఆ ఫైలును పీడీఎఫ్ చేసి పెడితే స్క్రీన్ రీడర్ ఆ అక్షరాలనే కూడబలుక్కుంటుంది. అంతకన్నా దివ్యమైన మార్గం ఇంకోటుంది. నోటీసు ప్రింటు తీసి, సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర వేసి, కాస్త వంకరగా స్కాన్ చేసి ఎక్కించాలి. అప్పుడది ఉత్త ఫొటో. ఫీజు గడువు పెంచిన కబురు అందులోనే ఉన్నా స్క్రీన్ రీడర్‌కు అందులో చదవడానికి ఏమీ దొరకదు.

గడువంటే గుర్తొచ్చింది, పేజీ అయిదు నిమిషాలకే మూసుకుపోవాలి. పరీక్ష హాల్లో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాలున్నాయి కదా అని ఎవరైనా అంటే, అది పరీక్ష రాయడానికే తప్ప పరీక్షకు దరఖాస్తు పెట్టుకోవడానికి కాదని చెప్పాలి. చేతులు వణికేవారి కోసం టిక్కు పెట్టే గడులు ఆవగింజంత ఉండాలి. హెల్ప్‌లైన్‌కు ఫోన్ నంబరు ఒక్కటే ఇవ్వాలి, వినికిడి లేనివారు మాట్లాడి సందేహం తీర్చుకుంటారు.

హాజరుకు కెమెరా ముందు కళ్లార్పమనే పద్ధతి పెట్టే ఆలోచన ఉంటే కొంచెం జాగ్రత్త. యాసిడ్ దాడి వల్ల కళ్లార్పలేని స్థితిలో ఉన్నవారు బ్యాంకు కేవైసీలో సరిగ్గా ఇక్కడే ఆగిపోయారు. సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో తీర్పిస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనన్న కోర్టు, 20 ఆదేశాలిచ్చింది.

వీడియో పాఠాల విషయంలో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయాన్ని మించిన గురువు లేరు. అక్కడి ఉచిత పాఠాలకు సరైన క్యాప్షన్లు లేవని బధిరుల సంఘం ఫిర్యాదు చేసింది. 2016లో అమెరికా న్యాయశాఖ కూడా అవునంది. ఇరవై వేలకు పైగా ఉన్న ఆ పాఠాలను బర్కిలీ 2017లో బయటివారెవరికీ అందకుండా తీసేసింది. వినగలిగేవారికీ లేదు, వినలేనివారికీ లేదు. ఇంతకన్నా నిఖార్సయిన సమానత్వం ఎక్కడుంటుంది? తర్వాత 2022లో న్యాయశాఖతో రాజీకొచ్చి క్యాప్షన్లకు ఒప్పుకోవలసి వచ్చిందనుకోండి. 2015లో కేసు ఎదుర్కొన్న హార్వర్డ్ 2019లో, ఎంఐటీ 2020లో అదే దారి పట్టాయి. ఆలోగా ఎన్ని బ్యాచ్‌లు చదువు ముగించుకుని వెళ్లిపోయాయో!

ఇవన్నీ చేశాక హోం పేజీ ముస్తాబు చేయాలి. పైన అక్షరాలు పెంచే, తగ్గించే మూడు "ఎ"లు, పక్కన "స్క్రీన్ రీడర్ యాక్సెస్" అనే లింకు ఉండాలి. అది నొక్కితే స్క్రీన్ రీడర్ల పట్టిక రావాలి. ప్రభుత్వ సైట్లలో కనిపించే ఈ పట్టికను ఉన్నదున్నట్టు దింపుకుంటే, 2017లోనే అమ్మకం ఆగిపోయిన విండో-ఐస్ పేరు కూడా వస్తుంది. స్క్రీన్ రీడర్ లేకుండా ఆ లింకు దాకా రాలేనివాడికి ఈ పట్టిక, భోజనానికి వచ్చినవాడి చేతిలో విస్తళ్లు అమ్మే కొట్ల చిరునామాలు పెట్టినట్టుంటుంది. ఇంకా డబ్బు మిగిలితే, కృత్రిమ మేధతో సైటును చిటికెలో చక్కదిద్దుతామనే విడ్జెట్ ఒకటి కొనాలి. ఆ మాటే చెప్పి అమ్ముకున్న యాక్సెసిబీ కంపెనీ మీద అమెరికా వాణిజ్య కమిషన్ చర్య తీసుకుని, 2025లో పది లక్షల డాలర్లు కట్టించింది.

రిజిస్ట్రారుగారికి ఊరటనిచ్చే లెక్క కూడా ఉంది. 2025లో వెబ్ఎయిమ్ సంస్థ పది లక్షల హోం పేజీలను యంత్రంతో పరీక్షిస్తే 94.8 శాతం వాటిలో లోపాలు బయటపడ్డాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనబడింది తెల్లటి పేజీ మీద బూడిదరంగు అక్షరాల బాపతు, వెలిసిపోయిన రాత. పది మందితో పాటు నడవడంలో తప్పేముంది?

వచ్చే టెండరు విషయంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. స్క్రీన్ రీడర్ వాడే విద్యార్థి ఒకరు ఎవరి సాయం లేకుండా ఫారం మొదలు నుంచి రసీదు దాకా పూర్తిచేస్తేనే కంపెనీకి ఆఖరి బిల్లు చెల్లిస్తామన్న షరతు అందులో దూరితే పై పద్ధతులన్నీ దండగే. ఎవరైనా పట్టుబట్టితే కాదనకుండా, దాన్ని "తప్పనిసరి" కింద కాకుండా "వాంఛనీయం" కింద చేర్పించాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టానికి కేంద్రం రాసిన నియమాల్లో 15వది చాలాకాలం ఇలాగే నెట్టుకొచ్చింది. చట్టం తప్పదన్నదాన్ని అది సలహాగా మార్చేసిందని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రాయమంది. దేశంలో సౌకర్యాలు ఎలా ఉన్నాయో తిరిగి చూసి ఆ కోర్టుకు నివేదిక ఇచ్చింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. కాబట్టి టెండరు ముసాయిదాను అభిప్రాయం కోసం అటువైపు పంపకపోవడమే మంచిది.