యాభై మీటర్లు

కోనసీమలో 216వ నంబరు జాతీయ రహదారి పక్కన ఒక హైస్కూలుంది. బడికీ ఊరికీ మధ్యనున్న కొబ్బరి తోటలో పెట్రోలు బంకు వస్తోందన్న కబురు బయటపడేసరికే చెట్లు కొట్టేయడం, మట్టి తోలి మెరక చేయడం అయిపోయాయి. అభ్యంతరాలుంటే చెప్పుకోమని పంచాయతీ బోర్డు మీద నోటీసు అంటించారట. దాని మీద రేషన్ కార్డుల నోటీసు అంటించారు.

బడివాళ్ల భయం పెట్రోలు గురించి కాదు. సాయంత్రం బెల్లు కొడితే పిల్లలంతా, సగం సైకిళ్ల మీద, సగం కాళ్ల మీద, రోడ్డు మార్జిను పట్టుకునే ఊళ్లోకి పోవాలి. బంకుకి లోపలికో దారి, బయటికో దారి. ఆ రెండుచోట్లా మార్జిను మాయం. అవతలి వైపు నుంచి వచ్చే మోటారు సైకిళ్లు రోడ్డుకి అడ్డంగా కోసుకుంటూ వస్తాయి. చుట్టూ తిరిగి వచ్చేంత ఓపిక మనలో ఎవరికుంది గనక! ఇక ఆయిల్ ట్యాంకరు వెనక్కొస్తుంటే, డబ్బా మీద చేత్తో బాదుతూ "రానీ, రానీ" అనే క్లీనరుకి ట్యాంకరు కనిపిస్తుంది గానీ ఆరో తరగతి పిల్ల కనిపించదు.

హెడ్మిస్ట్రెస్ గారు అర్జీలో ఇవన్నీ రాశారు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయిన పాదచారులు 32,825 మంది అని కేంద్ర ప్రభుత్వం వేసిన లెక్క కూడా జత చేశారు. విచారణకొచ్చిన అధికారి కళ్లజోడు సవరించుకుని అంతా చదివారు.

"ఇందులో మీ బడి ముందు పోయినవాళ్లు ఎంతమందమ్మా?"

"ఇంకా ఎవరూ లేరండి."

"మరింకేం?"

నడిచేవాళ్ల గోడు ఈయన చెవికెక్కదని డ్రిల్లు మాస్టారికి అర్థమైపోయింది. ఆయన రూలు పట్టుకున్నారు. కొత్త బంకులో పంపు, భూమిలోని ట్యాంకులోకి ఆయిలు పోసే చోటు, ఆవిరి పోయే గొట్టం – ఈ మూడింట్లో బడికి ఏది దగ్గరైతే దాన్నుంచి బడి 50 మీటర్ల దూరంలో ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో చెప్పింది. మాస్టారు లాంగ్‌జంప్ కొలిచే టేపు తీశారు. ముప్ఫై మీటర్లది. మొదటి నాలుగు సెంటీమీటర్లు ఏ ఆటల పోటీల్లోనో తెగిపోయాయి. పంపు వస్తుందని సున్నంతో గీసినచోట ఆ మొండి కొసని ఓ కుర్రాడు బొటనవేలితో తొక్కిపట్టాడు. రెండు విడతలుగా కొలిచి, తెగిన ముక్క లెక్క తీసేసి, బడి గేటుకి 41 మీటర్లని తేల్చారు మాస్టారు.

సర్వేయరు వచ్చి కొలిచినా 41 వచ్చింది. బంకు పెట్టబోయే ఆసామి మొహం మాడిపోయింది. స్థలం ఇబ్బందుంటే 50కి తగ్గినా ఫరవాలేదు, 30కి మాత్రం తగ్గకూడదు. అయితే అప్పుడు, పెట్రోలుకీ పేలుడు పదార్థాలకీ లైసెన్సులిచ్చే నాగపూర్ 'పెసో' సంస్థ చెప్పే అదనపు భద్రతా ఏర్పాట్లన్నీ చేసి తీరాలి. ఖర్చు ఖర్చే. ఆసామి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కొలిచారండీ?"

"పంపు నుంచి గేటు దాకా."

"ఓహో, గేటు దాకానా!"

నెల తిరక్కుండా ఆసామి దాత అయిపోయాడు. బడి వెనక కాలవ గట్టు వైపు ప్రహరీ పగలగొట్టించి కొత్త గేటు పెట్టించాడు. గేటు మీద ఆర్చీ, ఆర్చీ మీద సరస్వతి, సరస్వతి కింద వాళ్ల నాన్నగారి పేరు. పాత గేటుని ఇటుకలతో మూసేశారు. అసలు హైవే మీదికి బడి గేటుండటమే ప్రమాదమని అధికారి ఫైల్లో మెచ్చుకోలుగా రాశారు కూడా. సర్వేయరు మళ్లీ కొలిచారు. 63.

"గేటు సరేనండీ, ప్రహరీ గోడ ఉన్నచోటే ఉంది కదా?" అన్నారు డ్రిల్లు మాస్టారు.

"గోడ చదువుకోదు కదండీ," అన్నారు అధికారి.

నిరభ్యంతర పత్రం వచ్చేసింది. బంకు కట్టడం పూర్తయ్యాక గేటుకీ బంకుకీ ఒకే ముహూర్తం పెట్టారు. పిల్లల భద్రత కోసం పోరాడారని మైకులో చెప్పి మాస్టారికి శాలువా కప్పారు. అందరికీ పూతరేకులు పంచారు.

సాయంత్రం బెల్లు కొట్టారు. పిల్లలు సరస్వతి కిందనుంచి బయటికొచ్చి కాలవ గట్టు పట్టుకుని నడిచారు. గట్టు ఎటు పోతుంది? కాలవ ఎటు పోతే అటు. అది తోట వెనకగా చుట్టు తిరిగి, బంకులోంచి బళ్లు బయటికొచ్చేచోటే రోడ్డెక్కుతుంది. మాస్టారు శాలువా తీయడం కూడా మరిచిపోయి టేపు పట్టుకుని పరుగెత్తారు. గట్టు చివర నుంచి పంపు దాకా ఈసారి రెండో విడత అక్కర్లేకపోయింది. ఏడు మీటర్లు.

సర్వేయరు గారు అక్కడే స్కూటరుకి పెట్రోలు కొట్టించుకుంటున్నారు. మాస్టారు టేపు మీద అంకె చూపించారు. సర్వేయరు వంగి శ్రద్ధగా చూసి, ట్యాంకు మూత బిగించుకున్నారు.

"కొలత కరెక్టేనండీ. కాకపోతే ఇది బడి కాదు కదా మాస్టారూ, దారి. దారికి రూల్లేదండీ."